ఐతారం క్వార్టర్, గుండె లెక్క

మిర్యాలగూడలో చిన్న క్లినిక్ నాది, జనరల్ ఫిజీషియన్‌ని. బీపీ, షుగర్, ఛాతీలో మంట, రోజూ ఇవే. మందు సంగతి అడిగితే చాలామంది నోట ఒకటే మాట: "దినాం తాగ సార్, ఐతారం ఐతారమే."

అపోహ: వారానికోసారి తాగితే గుండెకేం కాదు.

మనోళ్లు రోజులు లెక్కపెడతారు, గుండె మాత్రం ఒక్క సిట్టింగ్‌లో ఎంత పడిందో లెక్కపెడుతుంది. మొన్న ఒకాయన "క్వార్టరే కద సార్, గింత" అని వేళ్లతో చూపించాడు. ఖాళీ క్వార్టర్ సీసాలో నీళ్లు నింపి, దగ్గు సిరప్‌తో వచ్చే 15 ఎంఎల్ మూత చేతికిచ్చి కొలవమన్నాను. పన్నెండు మూతలొచ్చాయి. మొదట్లో నవ్వుతూ లెక్కపెట్టిన ఆయన భార్య ఏడో మూతకల్లా నవ్వు ఆపేసింది. 180 ఎంఎల్ విస్కీలో, 42.8 శాతం లెక్కన, అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. ఒకేసారి అతిగా తాగడం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది కూడా అక్కడే, 60 గ్రాముల దగ్గర.

పండగ తెల్లారి ఏమవుతుందో మాకు తెలుసు. దసరా దావత్ మరునాడు నలభై కూడా నిండని మనిషి "గుండె దడదడ అంటుంది సార్, నిద్ర లేదు" అని వస్తాడు, నాడి పట్టుకుంటే డప్పు రానోడి చేతికి డప్పిచ్చినట్టు ఉంటుంది, రెండు గబగబా, ఒకటి ఆగి, మళ్లీ మూడు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం. దీనికి 1978లోనే అమెరికా డాక్టర్లు 'హాలిడే హార్ట్' అని పేరు పెట్టారు. చాలామందికి ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది, కానీ ఆ గందరగోళంలో గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం.

అపోహ: బీరు మందు కాదు, చలువ.

650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు, 8 శాతం ఉంటే, 40 గ్రాములు. నాలుగు చిన్న పెగ్గులు. అంతే, దీని మీద ఇంకేం చెప్పను.

అపోహ: కల్లు చెట్టు నుంచి వచ్చింది, దానికేం దోషం?

కుండలో పడ్డ నీరా గంటల్లో పులిసి ఆల్కహాల్ అవుతుంది, చెట్టుకు పుట్టినా ఆల్కహాల్ ఆల్కహాలే. మన పాలమూరు, నల్గొండ వైపు అసలు భయం వేరే, మత్తు కోసం అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు. అలవాటైన మనిషికి రెండ్రోజులు అది దొరక్కపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, ఇంట్లోవాళ్లేమో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

అపోహ: రెడ్ వైన్, కొంచెం విస్కీ గుండెకు మంచివి.

1991లో ఒక అమెరికా టీవీ కార్యక్రమంతో ఈ వైన్ మాట బాగా పాకింది. పాత లెక్కల్లో కొద్దిగా తాగేవాళ్లు అసలు తాగనివాళ్లకంటే మెరుగ్గా కనిపించిన మాట నిజమే, కాకపోతే ఆ 'తాగనివాళ్ల'లో రోగమొచ్చి మానేసినవాళ్లు కూడా కలిసిపోయి ఉన్నారు, వాళ్లతో పోలిస్తే ఎవరైనా మెరుగే. గుండెపోటు కారణాలను చాలా దేశాల్లో వెతికిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోనైతే మన దక్షిణాసియా వాళ్లకు మద్యం వల్ల గుండెకు లాభమేమీ కనిపించలేదు. ఏ మోతాదూ గుండెకు మంచిది కాదని వరల్డ్ హార్ట్ ఫెడరేషన్ 2022లో తేల్చి చెప్పింది. నేను మాత్రం పేషెంట్‌తో ఇంత మాట్లాడను, నీ బీపీ మాత్రలు ఎందుకు పనిచేయట్లేదో తెలుసా అని అడుగుతాను, అది త్వరగా అర్థమవుతుంది.

అపోహ: ఇన్నేళ్లు తాగినంక ఇప్పుడు మానేసి ఏం లాభం?

ఆస్ట్రేలియాలో 2020లో వచ్చిన ఒక ట్రయల్ చూడండి, గుండె లయ తప్పినవాళ్లలో తాగుడు మానేయమని డాక్టర్లు చెప్పిన గుంపులో ఆరు నెలల్లో 53 శాతం మందికి సమస్య తిరగబెట్టింది, ఎప్పటిలాగే తాగినవాళ్లలో 73 శాతం మందికి. ఏళ్ల తరబడి బాగా తాగి గుండె ఉబ్బిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి కూడా, మందు మానేసి మాత్రలు వాడితే పంపింగ్ కొంత కోలుకున్న ఎకో (గుండె స్కాన్) రిపోర్టులు నా దగ్గరే ఉన్నాయి.

ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుందనే మాటలో మాత్రం కొంత నిజముంది. పొద్దున లేవగానే చేయి వణికితే, ఒక గుటక వేస్తేగాని ఆగకపోతే, ఇంట్లో పట్టుదలకు పోయి మానకండి, ముందు డాక్టర్ దగ్గరికి రండి, మొదటి వారం మాత్రలతో గట్టెక్కిస్తాం. వచ్చేటప్పుడు వాడే మందుల చీటీ, తాగే సీసా రెండూ తెండి.