పాత సినిమా ట్రైలర్ ఎక్కడ దాక్కుంటుంది? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నెల్లూరులో మాది పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే షాపు. పెళ్లి వీడియోలతో మొదలుపెట్టాం. కొన్నేళ్లుగా దానికి ఇంకో పని తోడైంది. పాత తెలుగు సినిమాను మంచి ప్రింటుతో డిస్కుగా తేవాలనుకునేవాళ్లు, సొంతంగా దాచుకునే కలెక్టర్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లకు ఆ సినిమా ట్రైలరు, మేకింగ్ వీడియో, శతదినోత్సవం వీడియో, ఎత్తేసిన సీన్లు వెతికిపెడతాను. సినిమా ఎలాగో దొరుకుతుంది. దాని చుట్టూ తిరిగిన ఈ చిన్న ముక్కలే దొరకవు. అవి పోతే ఆ సినిమాని జనానికి ఎలా చూపించి పిలిచారో చెప్పే సాక్ష్యం పోతుంది. ఫోన్ చేసేవాళ్ల నోట పదే పదే వినే మాటలు కొన్నున్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: ఆ సినిమా క్యాసెట్ దొరికితే ట్రైలర్ దొరికినట్టే

నాకు అన్నిటికంటే ఎక్కువ ఎదురయ్యే మాట ఇదే. నేనూ మొదట్లో ఇలాగే అనుకొని చాలా నెలలు పోగొట్టుకున్నాను.

ట్రైలర్ అంటే రాబోయే సినిమాకి పిలుపు. క్యాసెట్ కొనుక్కున్నవాడి చేతిలో సినిమానే ఉంటే, అందులో దాని ట్రైలర్ ఎందుకు పెడతారు? అది వేరే సినిమా క్యాసెట్‌లో ఉంటుంది. అదే వీడియో కంపెనీ రెండు మూడు నెలల ముందు వదిలిన సినిమాకి మొదట్లోనో, 'శుభం' పడ్డాక చివర్లోనో అతికించి ఉంటుంది. అందుకే నా దగ్గరికి ఎవరైనా వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న సినిమా పేరు కాదు. వీడియో హక్కులు ఎవరు తీసుకున్నారు, ఏ నెలలో క్యాసెట్ వచ్చింది, ఆ చుట్టుపక్కల అదే కంపెనీ ఇంకేం వదిలింది? ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

థియేటర్‌లో కూడా ఇంతే. ఇది నాకు నేర్పింది కావలి దగ్గర ఒక ఊళ్లో ఉన్న పెద్దాయన. టూరింగ్ టాకీసులో చేరి, పెర్మనెంట్ హాల్లో ఆపరేటర్‌గా రిటైరయ్యాడు. ఒక సినిమా పేరు చెప్పి దాని ట్రైలర్ కోసం వచ్చానంటే ఆశ్చర్యపోయాడు.

"ఏందబ్బయా, సినిమా అడక్కుండా ముక్క అడగతా ఉండావు?"

తర్వాత మంచం కింది ఇనుప పెట్టె లాగాడు. "సినిమా బాక్సు ఎనక్కి పంపేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ రెప్రజెంటేటివ్ రీళ్లు లెక్కబెట్టుకొని పోయేవోడు. ట్రైలర్ లెక్క ఎవురడిగారు? రీలు మొదట్లో గీతలు పడకుండా వాటినే అతికించుకొనేవోళ్లం."

పెట్టెలో మూడు డబ్బాలు. మూత తీయగానే ముక్కు పుటాలు మండేలా వెనిగర్ వాసన కొట్టింది. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ లోపల్నుంచి కుళ్లుతుంటే వచ్చే వాసన అది. ఒకసారి మొదలైతే ఆగదు, వేడీ తేమా ఉన్న మన కోస్తా గాలిలో ఇంకా వేగంగా పాకుతుంది. అలాంటి డబ్బాను మంచి డబ్బాల పక్కన పెట్టకూడదు. రెండో డబ్బా మీద వేరే సినిమా పేరు రాసి ఉంది. రీలు మొదటి కొసను కిటికీ వెలుతురుకి పట్టి భూతద్దంతో చూస్తే ఎర్ర అక్షరాల్లో 'త్వరలో' అని కనిపించింది. రంగులన్నీ గులాబీకి తిరిగాయి, ఆకాశం కూడా. నీలం వైపు రంగు ముందు వెలిసిపోతే ఇలాగే అవుతుంది. ఆ ముక్క నేను మూడేళ్లుగా వెతుకుతున్న ట్రైలర్.

212 అడుగులు వచ్చింది. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు. అంటే 2 నిమిషాల 21 సెకన్లు. సినిమాలో లేని ఒక షాట్ అందులో ఉంది, బావి దగ్గర హీరోయిన్ వెనక్కి తిరిగి చూడటం. ఫైనల్ ఎడిటింగ్ పూర్తి కాకముందే ట్రైలర్ కట్ చేస్తారు కాబట్టి తర్వాత తీసేసిన షాట్లు, వేరే టేకులు అందులో మిగిలిపోతాయి. ఎత్తేసిన సీన్లు వెతికేవాళ్లు ముందు ట్రైలర్ వెతకాలని నేను చెప్పేది అందుకే.

ఒక జాగ్రత్త. 1950ల మొదటి వరకు నైట్రేట్ ఫిల్మ్ కూడా వాడేవాళ్లు. దానికి నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. అంత పాత రీలు కనిపిస్తే ఇంట్లో విప్పకండి, బస్సులో తీసుకెళ్లకండి. ముందు తెలిసినవాళ్లకు ఫోన్ చేయండి.

అపోహ: మెనూలో కనిపించలేదంటే డిస్కులో లేదు

మెనూ అనేది ఇంటికి ముందు తలుపు మాత్రమే. డీవీడీని ప్లేయర్‌లో కాకుండా కంప్యూటర్‌లో పెట్టి 'వీడియో టీఎస్' ఫోల్డర్ తెరవండి. సినిమా ఒక్కొక్కటీ ఒక జీబీకి మించని వీఓబీ (డీవీడీలోని వీడియో ఫైలు) ముక్కలుగా వరసగా కనిపిస్తుంది. వాటి నంబరు కాకుండా వేరే నంబరుతో 90, 100 ఎంబీల ఒంటరి ఫైలు ఉంటే దాన్ని తప్పకుండా వీఎల్‌సీ ప్లేయర్‌లో వేసి చూడండి. మామూలు డీవీడీ నాణ్యతలో రెండున్నర నిమిషాల ట్రైలర్ దాదాపు అంతే బరువు ఉంటుంది. మెనూ మార్చినప్పుడు బటన్ తీసేసి ఫైలు వదిలేసిన డిస్కులు నాకు చాలానే దొరికాయి. ఒంగోలులో ఒక డీవీడీ లైబ్రరీ మూసేస్తుంటే రెండు గోతాల డిస్కులు తెచ్చుకున్నాను. ఆ రెండు గోతాల్లో అలాంటి ఫైళ్లు తొమ్మిది బయటపడ్డాయి.

వీసీడీల్లో బోనస్ ఆశించొద్దని అందరూ అంటారు. ఒక డిస్కులో 74 నిమిషాలే పడతాయి, రెండున్నర గంటల సినిమా రెండు మూడు డిస్కులకి ఎక్కుతుంది, ఇంక చోటెక్కడిది అని. కానీ ఆఖరి డిస్కులో చోటు మిగులుతుంది. మొదటి డిస్కులో సినిమాకి ముందు కంపెనీ సొంత ప్రకటనలు ఉంటాయి. వీసీడీలో నిమిషానికి పది ఎంబీ చొప్పున లెక్క వేసుకోండి. 30 ఎంబీల డాట్ (.DAT) వీడియో ఫైలు ఉంటే అది మూడు నిమిషాల ఏదో ఒకటి. మూడు సినిమాలు ఒకే డీవీడీలో కుక్కిన 'త్రీ ఇన్ వన్' డిస్కుల జోలికి మాత్రం నేను వెళ్లను. వాటిలో మొదట ఎగరగొట్టేది ఈ ముక్కల్నే.

అపోహ: క్యాసెట్ మీద ఏడు సెకన్లు తక్కువ ఉంది, ఎవరో కోసేశారు

సెన్సార్ సర్టిఫికెట్ దొరికినవాళ్లు కంగారుపడి అడిగే ప్రశ్న ఇది. థియేటర్లో వేసే ట్రైలర్‌కి సినిమాతో సంబంధం లేకుండా విడిగా సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద పొడవు రాసి ఉంటుంది. 82.3 మీటర్లంటే 270 అడుగులు, సరిగ్గా మూడు నిమిషాలు. క్యాసెట్‌లో చూస్తే 2 నిమిషాల 53 సెకన్లే వస్తుంది. క్యాసెట్ల కాలంలో మన దేశపు టీవీ పద్ధతి పాల్, సెకనుకి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాను అందులోకి ఎక్కిస్తే నాలుగు శాతం వేగంగా పరిగెడుతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. ఏమీ కోసేయలేదు.

సర్టిఫికెట్‌లోని తేదీ బంగారం. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని ఎన్నో ఏళ్లు చదువుకున్నాం. జర్నలిస్టు రెంటాల జయదేవ సెన్సార్ వివరాలు, అప్పటి పత్రికల ప్రకటనలు తవ్వి, అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు. ట్రైలర్ల వేటకీ అదే దారి. సర్టిఫికెట్ లేనప్పుడు నేను పాసింజర్ ఎక్కి వేటపాలెం వెళ్తాను. 2022 దాకా ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్లలో ఉన్న సారస్వత నికేతనం 1918 నాటి గ్రంథాలయం. పాత పత్రికలను అక్కడ ప్రాణంగా కాపాడారు. సినిమా ప్రకటనల పేజీ చూస్తే ఏ వారం ఏ హాల్లో ఏ బొమ్మ ఆడిందో తెలుస్తుంది. వెతుకుతున్న సినిమా రాకముందు నెలరోజులు ఆడిన బొమ్మల పేర్లు రాసుకుంటే, ఏ రీలు డబ్బా తెరవాలో తెలిసినట్టే.

అపోహ: క్యాసెట్ దొరికింది కదా, వెంటనే వేసి చూద్దాం

వద్దు. ముందు క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్ట అంచులు చూడండి. తెల్లటి బూజు పొడిలాగా ఉంటే వీసీఆర్‌లో పెట్టొద్దు. పెడితే ఆ బూజు హెడ్‌కి, అంటే టేపును చదివే భాగానికి, అంటుకొని తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. ఆ టేపు కూడా నలిగిపోతుంది. గూడూరు నుంచి ఒకాయన తెచ్చిన క్యాసెట్‌ను నేను తొందరపడి వేశాను. ఒక ఆడియో ఫంక్షన్ వీడియో అది, ఇంకో కాపీ ఉందని ఎవరూ చెప్పలేదు. మొదటి నలభై సెకన్లు వచ్చాక టేపు హెడ్‌కి అతుక్కొని ముడతలు పడింది. ఆ ముడతల దగ్గర ఉన్న మాటలు ఇప్పటికీ రాలేదు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఇంకా బాధ. అప్పట్నుంచి ప్రతి క్యాసెట్‌నీ ముందు విప్పి చూసి, శుభ్రం చేసి, చెరిగిపోకుండా వెనకున్న ప్లాస్టిక్ పలక విరిచి, ఆ తర్వాతే వేస్తున్నాను. సెల్‌ఫోన్‌తో టీవీ తెరను షూట్ చేసి పంపేవాళ్లకు కూడా ఒక మాట: దయచేసి టేపు అలాగే ఉంచండి, పారేయకండి.

అపోహ: యూట్యూబ్‌లో 'ఒరిజినల్ ట్రైలర్' ఉంది

ఉండొచ్చు. చాలావరకు ఈ మధ్య సినిమాలోంచి కట్ చేసి కొత్తగా చేసినవే. నేను చూసేవి మూడు: మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ ఉందా, 'త్వరలో', 'నేడే చూడండి' లాంటి అక్షరాలు అప్పటి చేతిరాతలో ఉన్నాయా, సినిమాలో లేని షాట్ ఒక్కటైనా ఉందా. ఈ మూడిట్లో ఒక్కటీ లేకపోతే నేను దాన్ని డిస్కులో పెట్టమని చెప్పను.

ఏఐతో మెరుగుపరిచిన కాపీల సంగతీ ఇక్కడే చెప్పాలి. లేని వివరాన్ని అది ఊహించి గీస్తుంది, దగ్గరగా చూస్తే ముఖాలు మారిపోతాయి. స్కోప్ బొమ్మను, అంటే వెడల్పు తెర కోసం తీసినదాన్ని, టీవీ తెరకి సాగదీసి పొడుగు మనుషుల్ని చేయడం కూడా ఇంతే తప్పు. చేసుకునేవాళ్లు చేసుకోండి, కానీ ముట్టుకోని కాపీ ఒకటి పక్కన దాచండి.

అపోహ: అన్నీ పుణెలో ఉంటాయి

పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పుట్టింది. వాళ్లు చేసిన సేవ చాలా పెద్దది. కానీ మన దేశంలో ప్రతి సినిమా కాపీ ఒకటి అప్పగించి తీరాలనే చట్టం లేదు. సినిమాలకే లేనప్పుడు ట్రైలర్‌ను ఎవరు తీసుకెళ్లి ఇచ్చి ఉంటారు? అడగండి, తప్పకుండా అడగండి, కానీ అక్కడితో ఆగిపోకండి. ఒకప్పటి మద్రాసు ల్యాబ్‌లు, పంపిణీదారుల గోడౌన్లు, ఆపరేటర్ల ఇళ్లు కూడా అడగాల్సిన చోట్లే. సినిమా వ్యాపారంలో నెల్లూరు విడిగా ఒక ఏరియా. ఇక్కడికి బాక్సులు వచ్చాయి, ఇక్కడ కొన్ని మిగిలిపోయాయి. చాలా బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వెండి కోసం కరిగించేశారన్నది నిజమే. అన్నీ కరిగిపోలేదన్నదీ నిజమే.

అపోహ: పాతది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు

మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి హక్కు, విడుదలైన సంవత్సరం తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. 1964లో విడుదలైన సినిమాకి అది 2024తో ముగిసింది. 1980ల ట్రైలర్‌కి ఇంకా హక్కుదారులు ఉన్నారు. పాటల బాణీలకు, సాహిత్యానికి లెక్క వేరే. కట్టినవాళ్లు, రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లు. కాబట్టి నేను వెతికి, స్కాన్ చేయించి, ఎక్కడ దొరికిందో, ఎంత పొడవో, ఏ రీలుకి అతికి ఉందో ఒక కాగితం మీద రాసి హక్కుదారుడికి ఇస్తాను. కావలి పెద్దాయన ట్రైలర్‌కి అలాగే రాశాం. కాగితం కింద ఆయన సంతకం చేశాడు, పక్కనే 'ఆపరేటర్' అని తనే రాసుకున్నాడు. డిస్కు బయటికి వచ్చినప్పుడు కృతజ్ఞతల్లో ఆ పేరు ఉండాలని నేను పెట్టిన షరతు ఒక్కటే. నిర్మాత కుటుంబం ఒప్పుకుంది. మిగతా రెండు డబ్బాలు ఇంకా విప్పలేదు. ఫిల్మ్ బిగుసుకుపోయింది, చెన్నైలో చేయి తిరిగినవాళ్లతో విప్పించాలి. ఎండలు తగ్గాక తీసుకెళ్దాం అన్నాడాయన.