డబ్బులు కాఫీకా, కుర్చీకా? బెంగళూరు కేఫుల్లో ల్యాప్‌టాప్ గొడవ వెనకున్న కథ

ఇందిరానగర్, కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్ వైపు కేఫుల్లో కొంతకాలంగా ఒక మార్పు కనిపిస్తోంది. కొన్నిచోట్ల శని ఆదివారాలు ల్యాప్‌టాప్‌లు వద్దని చిన్న బోర్డు, కొన్నిచోట్ల ప్లగ్ పాయింట్లకి మూత, ఇంకొన్నిచోట్ల గంట దాటగానే వైఫై ఆగిపోతుంది, ఇవేవీ లేనిచోట కుర్రాడొచ్చి ఖాళీ కప్పు తీసేసి "ఇంకేమైనా కావాలా సార్" అని కాసేపటికోసారి అడుగుతుంటాడు. ఒక కాఫీ కొని నాలుగు గంటలు కూర్చుంటే మేమెలా బతకాలి అని ఓనర్లు, రెండొందల యాభై పెట్టి కొన్నది కూర్చోడానికే కదా అని కూర్చునేవాళ్ళు. ఇద్దరి మాటా అర్థమవుతుంది. కానీ ఇదంతా కోవిడ్ తర్వాత ఐటీ పిల్లలు తెచ్చిపెట్టిన జబ్బు అని మాట్లాడుతుంటారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం, ఎందుకంటే కాఫీ అమ్మినచోటల్లా ఈ పేచీ మొదట్నించీ ఉంది, బెంగళూరులో అయితే ఈ కూర్చోబెట్టడమనేదాన్ని వ్యాపారంగా మార్చిందే కేఫులు.

పాతకాలం సంగతి త్వరగా చెప్పేస్తా. 1633లో ఇస్తాంబుల్‌లో సుల్తాన్ నాలుగో మురాద్ కాఫీ ఇళ్ళు మూయించాడు, 1675 డిసెంబర్‌లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ కూడా కాఫీ హౌసులు బంద్ అని ఆర్డర్ వేసి, జనం గోల చేసేసరికి కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరికీ భయం ఒకటే, జనం ఒకచోట గంటలు గంటలు కూర్చుని రాజ్యం గురించి మాట్లాడుకోవడం. అదే లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హౌస్‌లో ఓడల వ్యాపారులు రోజూ కూర్చుని బేరాలు చేసుకుని చేసుకుని చివరికి అది లాయిడ్స్ అనే ఇన్సూరెన్స్ మార్కెట్ అయింది. అంటే కేఫ్ టేబుల్ మీద ఆఫీసు పని చేసుకోవడం మూడొందల ఏళ్ళ పైచిలుకు అలవాటు.

మన దక్షిణాదిలో మాత్రం మొదటి గొడవ ఎంతసేపు కూర్చోవచ్చు అని రాలేదు, అసలు ఎవరు కూర్చోవచ్చు అని వచ్చింది. మద్రాసు, మైసూరు వైపు మొదటి తరం కాఫీ హోటళ్ళలో చాలావాటికి బ్రాహ్మణ కాఫీ క్లబ్ లాంటి పేర్లుండేవి, బ్రాహ్మణులకి వేరే గది, మిగతావాళ్ళకి వేరే చోటు, దళితులకి చాలాచోట్ల లోపలికి రావడమే లేదు. ఈరోజు మనమంతా క్యూ కట్టి తినే ఎంటీఆర్ కూడా 1924లో బ్రాహ్మిన్ కాఫీ క్లబ్ అనే పేరుతోనే మొదలైంది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీద బ్రాహ్మణ అనే మాట తీసేయాలని పెరియార్ వాళ్ళ ద్రావిడర్ కళగం ఆందోళన చేసింది. అప్పటికే రాజ్యాంగం 15(2) అధికరణం కులం, మతం, లింగం, పుట్టిన ఊరు చూసి ఎవర్నీ హోటల్లోకి రానివ్వకుండా చేయకూడదని స్పష్టంగా చెప్పేసింది. ఈ సంగతి ఇక్కడ ఎందుకు ఎత్తుతున్నానంటే, కుర్చీ ఎవరికివ్వాలి అనేది కౌంటర్ వెనకున్న మనిషి ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో మన ఊళ్ళు బాగా చూసినవే, దీని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఇక ఇండియా కాఫీ హౌస్. 1930ల్లో కాఫీకి బయటి మార్కెట్ దెబ్బతిని తోటల్లో పంట మిగిలిపోతుంటే ఇక్కడి జనం చేత తాగించాలని 1935లో కాఫీ సెస్ చట్టం తెచ్చారు, ఆ డబ్బుతో 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదటి కాఫీ హౌస్ పెట్టారు, తర్వాత ఊరూరా వచ్చాయి. 1950ల మధ్యలో ప్రభుత్వ సంస్థ కాఫీ బోర్డు ఇవి నడపడం మా వల్ల కాదని మూసేస్తుంటే ఉద్యోగాలు పోయిన వర్కర్లు, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కే. గోపాలన్ సాయంతో సొంతంగా సహకార సంఘాలు పెట్టుకున్నారు, అందులో మొదటి సంఘం 1957లో మన బెంగళూరులోనే. యజమాని లేడు, టేబుల్ ఖాళీ చేయించాలన్న ఆత్రం లేదు, ఒక కాఫీ మీద పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పేపర్ చదువుకునే పెద్దాయన్ని ఎవరూ లేపేవాళ్ళు కాదు. ఎంజీ రోడ్డు మీదున్న కాఫీ హౌస్ అద్దె భవనం వదలాల్సొచ్చి 2009లో చర్చ్ స్ట్రీట్‌కి మారింది. అక్కడ కూర్చోవడం ఎందుకు చౌకంటే లాభం లాగేసే ఓనర్ లేకపోవడం ఒకటి, పాత అద్దెలు ఒకటి. ఆ రెండో కారణాన్ని చాలామంది మర్చిపోయి, ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్ళు కాబట్టి కూర్చోనిచ్చేవాళ్ళు అంటుంటారు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున వచ్చింది దర్శిని. 1983లో జయనగర్‌లో ఆర్. ప్రభాకర్ అనే ఆయన కేఫ్ దర్శిని పెట్టారు, కుర్చీల్లేవు, టోకెన్ తీసుకో, కౌంటర్‌లో ఇడ్లీ వడ తెచ్చుకో, ఎత్తు టేబుల్ దగ్గర నిలబడి తిని వెళ్ళిపో. అంతకు ముందే 1965 నుంచి శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఇలా నిలబడి తినే పద్ధతిలోనే నడుస్తోంది కానీ దర్శిని పేరు మీద అది ఊరంతా పాకింది. నాకు దర్శిని మీద చాలా గౌరవం, అక్కడ లెక్క దాపరికం లేని లెక్క. కుర్చీ అద్దె మీ దగ్గర తీసుకోవట్లేదు కాబట్టి కాఫీ చౌక, బై టూ కూడా ఇస్తాం, పది నిమిషాల్లో నువ్వే వెళ్తావు. ఎవరూ ఎవర్నీ లేపక్కర్లేదు, ఎవరి మొహం చూసీ ఎవరూ నిర్ణయించక్కర్లేదు, మంత్రి గారి డ్రైవరూ సాఫ్ట్‌వేర్ మేనేజరూ ఒకే టేబుల్‌కి మోచెయ్యి ఆనించి తాగుతారు.

ఆ తర్వాత 1996. ఆ ఏడాదికి మూడు విషయాలు కలిశాయి. దశాబ్దాలుగా రైతు పండించిన కాఫీని కాఫీ బోర్డు పూల్‌కి, అంటే అందరి పంటా కలిపి బోర్డే అమ్మే ఏర్పాటుకి, ఇవ్వాల్సి వచ్చే పద్ధతి 1992 నుంచి మెల్లగా సడలి 1996కల్లా పోయింది, తోటల వాళ్ళు తమ కాఫీ తామే అమ్ముకోవచ్చు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం కంపెనీ వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. ఊళ్ళో ఐటీ కంపెనీలు పెరుగుతున్నాయి. చిక్కమగళూరు కాఫీ తోటల కుటుంబం నుంచి వచ్చిన వీ.జీ. సిద్ధార్థ ఈ మూడూ కలిపి బ్రిగేడ్ రోడ్డులో మొదటి కేఫ్ కాఫీ డే పెట్టారు, అది సైబర్ కేఫ్, జనం కంప్యూటర్ ముందు కూర్చోడానికి వచ్చేవాళ్ళు, కాఫీ దానికి తోడు. ఇంటర్నెట్ ఇంటింటికీ వచ్చాక కంప్యూటర్లు పోయాయి, సోఫాలు మిగిలాయి. కాలేజీ పిల్లలు, పెళ్ళిచూపులు, స్టార్టప్ వాళ్ళ మొదటి మీటింగులు, ఉద్యోగం మారేవాళ్ళ గుసగుసలు, అన్నీ అక్కడే. పక్కన దర్శినిలో పది రూపాయల లోపు దొరికే కాఫీకి అన్ని రెట్లు ఎందుకిచ్చారు జనం? ఏసీకి, బాత్రూంకి, ఎవరూ లేపరన్న భరోసాకి. కాఫీ ధరలో కుర్చీ అద్దె కలిపేసి ఆ సంగతి బయటికి చెప్పకపోవడం అక్కడ మొదలైంది, ఈ రోజు గొడవకి మూలం అదే అని నా నమ్మకం. ఎంతసేపు కూర్చుంటే ఆ అద్దె చెల్లిపోతుందో ఇటువాళ్ళూ చెప్పలేదు, అటువాళ్ళూ అడగలేదు.

వైఫై ఓటీపీ కథ వేరే ఉంది. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళ టైంలో ఎవరిదో తాళం లేని వైఫై నుంచి ఉగ్రవాదులు ఈమెయిల్స్ పంపారు, దాంతో 2009లో టెలికాం శాఖ పబ్లిక్ వైఫై వాడేవాళ్ళెవరో రికార్డు ఉండాలని చెప్పింది, అందుకే ఫోన్ నంబర్ కొట్టి ఓటీపీ తీసుకోవాల్సి వస్తుంది. భద్రత కోసం వచ్చిన ఆ గేటే తర్వాత గడియారంగా మారింది, ఒక నంబర్‌కి ఇంతసేపే అని పెట్టడం ఓనర్‌కి చాలా సులువు, మనిషిని పంపి లేపక్కర్లేదు.

2012 అక్టోబర్‌లో స్టార్‌బక్స్ టాటాలతో కలిసి ముంబైలో మొదటి షాపు తెరిచింది, మరుసటి ఏడాది బెంగళూరు వచ్చింది. ఇల్లు, ఆఫీసు తర్వాత మూడో చోటు మాది అనేది వాళ్ళ పాట, ఆ ఆలోచన అమెరికా సోషియాలజిస్ట్ రే ఓల్డెన్‌బర్గ్ 1989లో రాసినది. ఆ మూడో చోటు ఎవరిదో 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో తేలింది, ఇద్దరు నల్లజాతి యువకులు ఇంకో మనిషి కోసం ఎదురుచూస్తూ ఏమీ ఆర్డర్ చేయకుండా కూర్చుంటే మేనేజర్ పోలీసుల్ని పిలిచింది, చేతులకి బేడీలేసి తీసుకెళ్ళారు. గోల అయ్యాక కంపెనీ ఒక మధ్యాహ్నం 8,000కి పైగా షాపులు మూసి స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చింది, ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చని రూల్ కూడా పెట్టింది, 2025 జనవరిలో ఉత్తర అమెరికాలో ఆ రూల్ తీసేసి కొంటేనే కూర్చోవాలంది. అదే ఏడాది ఆగస్టులో దక్షిణ కొరియాలో డెస్క్‌టాప్‌లు, ప్రింటర్లు తేవద్దని చెప్పాల్సొచ్చింది, అక్కడ పిల్లలు కేఫ్‌లో మొత్తం ఆఫీసే పెట్టేస్తున్నారు మరి.

బెంగళూరులో ఇది ముదిరింది 2020 తర్వాత. లాక్‌డౌన్‌తో అందరూ ఇళ్ళకి, అదే ఏడాది చివర్లో కంపెనీలు ఇంటి నుంచి పని చేయించుకోడానికి అడ్డొచ్చే టెలికాం నిబంధనల్ని కేంద్రం సడలించింది, 2021 ఆగస్టులో అయితే మెట్రో పనుల ట్రాఫిక్ భరించలేక ఔటర్ రింగ్ రోడ్డు కంపెనీల్ని 2022 డిసెంబర్ దాకా ఇంటి నుంచే పని చేయించుకోమని కర్ణాటక ప్రభుత్వమే సలహా ఇచ్చింది. ఇంటి నుంచి అంటే ఏ ఇంటి నుంచి? మారతహళ్ళి, బీటీఎం, బెళ్ళందూర్ పీజీల్లో మనోళ్ళు ఎలా ఉంటారో తెలిసిందే కదా, త్రీ షేరింగ్, మూడు మంచాలు, మూడు ఇనుప బీరువాలు, టేబుల్ ఉండదు, ఒకడు నైట్ షిఫ్ట్ చేసి పడుకుని ఉంటాడు, ఇంకొకడికి స్టాండప్ కాల్ (టీం రోజువారీ మీటింగ్), మూడోవాడు కర్నూలు నుంచో అనంతపురం నుంచో జాబ్ ట్రయల్స్‌కి వచ్చినవాడు, వాడికి పదకొండింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. వాడు కేఫ్‌కి పోక ఎక్కడికి పోతాడు? ఒక కాఫీ మీద మూడు గంటలు కూర్చున్నాడని వాడిని పిసినారి అనడం చూస్తే బాధేస్తుంది, ఆ కాఫీ వాడి పీజీలో ఒకరోజు అద్దె కంటే పెద్ద తక్కువేం కాదు.

అలాగని కేఫ్ ఓనర్ దొంగ అనీ కాదు. కోరమంగళ అద్దెలు ఎలా ఉన్నాయో అందరికీ తెలుసు. ఇంకోటి తక్కువమంది గమనిస్తారు, 2017 నవంబర్ నుంచి మామూలు రెస్టారెంట్లకి జీఎస్టీ 5 శాతమే కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే షాపు అద్దె మీద కట్టే 18 శాతం జీఎస్టీ వెనక్కి రాదు, నేరుగా ఖర్చే. ఇద్దరు కూర్చునే టేబుల్ మీద ఒక ల్యాప్‌టాప్ మధ్యాహ్నమంతా ఉంటే, లంచ్ టైంలో వచ్చి తిని వెళ్ళే రెండు మూడు జంటల బిల్లు పోయినట్టే. చిన్న సొంత కేఫ్‌కి ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది.

కాబట్టి టైం పెట్టడం తప్పు కాదు, చెప్పకుండా పెట్టడం తప్పు. బోర్డు లేనప్పుడు ఎవర్ని లేపాలి అనేది ఫ్లోర్ మీదున్న కుర్రాడి మీద పడుతుంది, వాడు ఎక్కడో అస్సాం నుంచో ఒడిశా నుంచో వచ్చి అంతకంటే ఇరుకు గదిలో ఉంటాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళే ధైర్యం వాడికి రాదు, బ్యాగు పాతదైనవాడినీ ఫోన్లో అమ్మతో తెలుగులో గట్టిగా మాట్లాడేవాడినీ లేపుతాడు. కులం పేరు ఎవరూ ఎత్తరు, కానీ పాత కాఫీ క్లబ్బుల వాసన అక్కడ నాకు తగులుతుంది. ఒక బిల్లుకి గంటన్నర, రద్దీలో ల్యాప్‌టాప్ వద్దు, తర్వాత గంటకి ఇంత, అని గుమ్మం దగ్గరే రాసి అందరికీ ఒకేలా అమలు చేస్తే కుర్రాడికీ తప్పుతుంది, వచ్చినవాడికీ తెలుస్తుంది.

మిగిలింది ఒకటి, డబ్బు పెట్టకుండా కూర్చునే చోటు. కబ్బన్ పార్కులో 1915 నాటి శేషాద్రి అయ్యర్ మెమోరియల్ హాల్లో సెంట్రల్ లైబ్రరీ ఉంది, వార్డుల్లో చిన్న లైబ్రరీలున్నాయి. మన ఆంధ్రలో ఆస్తి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ తీసుకున్నట్టే 1965 చట్టం ప్రకారం కర్ణాటకలోనూ ఆస్తి పన్ను మీద 6 శాతం లైబ్రరీ సెస్ వసూలు చేస్తారు. పన్ను కట్టేది పీజీ ఓనరే అయినా ఆ డబ్బు త్రీ షేరింగ్ పిల్లల అద్దెలోంచే వస్తుంది. వార్డు లైబ్రరీలో పాత పేపర్ల పక్కన నాలుగు టేబుళ్ళు, ప్లగ్ పాయింట్లు, రాత్రి తొమ్మిది దాకా లైటు, ఇంటర్వ్యూలకి తలుపేసుకునే ఒక గది పెట్టమని ఆ సెస్ లెక్క చూపించి లైబ్రరీలు నడిపే గ్రంథాలయ శాఖని అడగొచ్చు, అడిగే హక్కు మారతహళ్ళి పీజీలో ఉన్నవాడికీ ఉంది.