లంగరేసిన పడవలో కాపురం: అపోహలు - వాస్తవాలు

మేమిద్దరం ఉండేది కరీబియన్‌లోని గ్రెనడాలో, దక్షిణ తీరాన ప్రిక్లీ బే అనే రేవులో లంగరేసిన 38 అడుగుల తెరచాప పడవలో. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లంగరు బరువే పడవని ఆపుతుంది, వేస్తే ఇక నిశ్చింత.

మా లంగరు 20 కిలోలు, పడవ ఎనిమిది టన్నులు. బరువుతో ఆగే పని కాదిది. లంగరు కొన నాగలి కర్రులా ఇసుకలో దిగబడాలి. అలా దిగాలంటే గొలుసు నేలబారుగా లాగాలి. ఇక్కడ లోతు 6 మీటర్లు, నీటి మీద నుంచి పడవ ముక్కు దాకా ఇంకో మీటరు, మొత్తం 7. దానికి ఐదు రెట్లు, అంటే 35 మీటర్ల గొలుసు వదులుతాం. గాలి పెరిగేలా ఉంటే ఏడు రెట్లు. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి రెండు కిలోల పైనే తూగుతుంది కాబట్టి అడుగునే పడి ఉంటుంది. గొలుసు చాలకపోతే లాగుడు పైకి పడి లంగరు ఊడొస్తుంది.

వేశాక ఇంజిన్ రివర్స్‌లో పెట్టి లాగి చూస్తాం. ఆ తర్వాత నేను మాస్క్ పెట్టుకుని దిగి కళ్లారా చూసొస్తాను. ఒకసారి పైనుంచి అంతా గట్టిగానే అనిపించింది. దిగి చూస్తే కొన సముద్రపు గడ్డి దుబ్బులో చిక్కుకుని ఉంది, ఇసుకలోకి అంగుళం కూడా పోలేదు. వెంటనే ఎత్తేసి, ఇసుక కనబడే చోట వేశాం. ఆ గడ్డి తాబేళ్ల మేత, దాన్ని లంగరుతో పెకలించడం నాకు ప్రాణం ఒప్పదు.

అపోహ: రేవులో పడవ కదలదు.

ఇక్కడ గాలి తూర్పు నుంచి, అల చాలాసార్లు దక్షిణం నుంచి వస్తాయి. పడవ ముక్కు గాలికేసి తిరుగుతుంది, అల పక్క నుంచి తగులుతుంది. అలాంటి రోజుల్లో రాత్రంతా ఇటూ అటూ దొర్లడమే. పొయ్యి మాత్రం రెండు ఇరుసుల మీద వేలాడుతుంది. పడవ ఏ పక్కకి ఒరిగినా కుక్కర్ నిటారుగా ఉండి పప్పుకి విజిల్స్ వేస్తుంది.

అపోహ: చుట్టూ నీళ్లే, నీళ్లకేం కరువు?

ట్యాంకులో 300 లీటర్లే. ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే వాటర్‌మేకర్ ఉంది. అది సముద్రపు నీటిని 55 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 55 రెట్ల) ఒత్తిడితో పలచని పొర గుండా తోస్తుంది. ఆ పొరకి చమురు తగిలిందా, పాడైనట్టే. అందుకే పడవలు కిక్కిరిసిన రేవులో దాన్ని నడపను, శుభ్రమైన నీళ్లలోకి వెళ్లినప్పుడే. గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో చెంబెడు మంచినీళ్లతో కడుగుతాం. వాన పడితే మాకు పండగే.

అపోహ: మన తిండి దొరకదు.

సెయింట్ జార్జెస్ సంతలో చేమాకులు కట్టలు కట్టి అమ్ముతారు. ఇక్కడివాళ్లు దాంతో ‘కాలలూ’ అనే వంటకం వండుతారు, మేం పులుసు పెట్టుకుంటాం. 1857లో మన దేశం నుంచి కూలీల మొదటి ఓడ ఇక్కడికొచ్చింది. రోటీ ఇప్పటికీ వీధి తిండే.

అపోహ: గ్రెనడా బాగా దక్షిణాన ఉంది, తుపాన్లు రావు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్. 2004 సెప్టెంబరు 7న ఐవన్ తుపాను ఈ దీవిలో ఇళ్లలో ఎక్కువ భాగాన్ని దెబ్బతీసింది. 2024 జూన్ 28న వాయుగుండంగా ఉన్న బెరిల్, జూలై 1న కేటగిరీ 4 (ఐదు స్థాయిల్లో నాలుగోది) తుపానుగా గ్రెనడాకే చెందిన కారియకూ దీవి మీద పడింది. మూడు రోజులే వ్యవధి! అక్కడి తిరెల్ బే రేవు మడ అడవుల్లో దాచుకున్న పడవలు కూడా ఒకదాని మీద ఒకటి పడి నలిగాయి.

తప్పించుకుని వెళ్లాలంటే దక్షిణాన ట్రినిడాడ్ దీవి ఇక్కడికి సుమారు 80 నాటికల్ మైళ్లు, మాకు ఒక రాత్రి ప్రయాణం. తుపాను దగ్గరికొచ్చాక బయల్దేరితే ఆ ఒక్క రాత్రీ చిక్కదు. అందుకే తుపాన్ల కాలమంతా, జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, పొద్దున్నే కాఫీ కన్నా ముందు అట్లాంటిక్ మ్యాపు చూస్తాను. ఆఫ్రికా ఒడ్డు దాటిన మబ్బుల గుంపుకి ఇంకా పేరు పెట్టకముందే డీజిల్ నింపి, డింగీని (ఒడ్డుకి వెళ్లొచ్చే చిన్న పడవని) డెక్ మీదకి ఎత్తి కట్టేస్తాం.