చర్మం మీద ఫైబర్, పెట్టెలో ఎలక్ట్రానిక్స్

రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌లో కాంతినిచ్చే ఎల్ఈడీ, దాన్ని అందుకునే ఫొటోడయోడ్ చర్మానికి ఆనుకునే ఉంటాయి. కాంతిని మోసే సన్నని తీగ, అంటే ఆప్టికల్ ఫైబర్ వాడితే ఆ రెండూ నడుముకు కట్టుకునే పెట్టెలోకి వెళ్తాయి, ఒంటి మీద ఫైబర్ కొసలే మిగులుతాయి. ఎంఆర్ఐ గదిలో ఫైబర్ ప్రోబులు వాడేది కూడా ఇందుకే: రాగి తీగ చుట్టలుగా పడితే రేడియో తరంగాలకు వేడెక్కి చర్మం కాలొచ్చు.

సూత్రం మాత్రం పాతదే, 1970లలో జపాన్ ఇంజినీరు తకువో అయొయాగి పట్టుకున్నది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ 660 నానోమీటర్ల ఎర్ర కాంతిని ఆక్సిజన్ ఉన్నదానికన్నా దాదాపు పది రెట్లు పీల్చుకుంటుంది. 940 దగ్గర, అంటే కంటికి కనిపించని పరారుణంలో, వరస తిరగబడుతుంది. తిరిగొచ్చే కాంతిలో, ఒక్కో రంగుకూ, నాడితో పాటు ఊగే భాగాన్ని నిలకడగా ఉండే భాగంతో భాగిస్తారు. ఎరుపులో వచ్చినదాన్ని పరారుణంలో వచ్చినదానితో మళ్లీ భాగిస్తారు. నిష్పత్తి 0.5 అయితే ఆక్సిజన్ 97 శాతం దగ్గర, 1 అయితే 85.

ఊగే భాగం మొత్తం కాంతిలో ఒకటి రెండు శాతమే కావడంతో ఫైబర్‌కు అసలు పరీక్ష ఇక్కడే. ఫైబర్ వంగితే కాంతి బయటికి కారుతుంది. వంపు కదలకుండా ఉంటే ఆ నష్టం భాగహారంలో కొట్టుకుపోతుంది. నడుస్తున్నప్పుడు అలా కాదు: అడుగుల లయ, గుండె లయ రెండూ సెకనుకు ఒకటి రెండు దగ్గరే ఉంటాయి, ఫిల్టరుకు విడదీయడం కష్టం. పైగా రెండు రంగులూ ఒకే తీరున ఊగితే నిష్పత్తి 1 వైపు జారి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా 85 చూపిస్తుంది. దీనికి మంచి విరుగుడు, పక్కనే చర్మాన్ని తాకకుండా వెనక్కి తిరిగే మరో ఫైబర్ వేసి, దాని ఊపును లెక్కలోంచి తీసేయడం.

బట్టలో నేయడానికి పీఎంఎంఏ (అక్రిలిక్) ప్లాస్టిక్ ఫైబర్ హాయి, విరగదు. కానీ 940 దగ్గర దాని కార్బన్-హైడ్రోజన్ బంధాలే కాంతిని మింగేస్తాయి. ఎరుపులో కన్నా నష్టం ఎన్నో రెట్లు. కాబట్టి తీగ పొట్టిగా ఉంచాలి, లేదా పరారుణాన్ని 850 ప్రాంతానికి తేవాలి. గాజు ఫైబర్‌కు ఈ బెడద లేదు, కానీ గట్టిగా మడిస్తే పుటుక్కున విరుగుతుంది.

ప్లాస్టిక్ ఫైబర్ కొసను పదునైన బ్లేడుతో కోసి, గరుకు నుంచి నునుపు కాగితం దాకా వరసగా రుద్దాలి. గీతలుంటే కాంతి చెదురుతుంది. పంపే కొసకూ అందుకునే కొసకూ మధ్య 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంచాలి. మరీ దగ్గరైతే కాంతి రక్తం దాకా వెళ్లకుండా పైపొర నుంచే తిరిగొస్తుంది, దూరమైతే చేరేది అంతంతమాత్రం. ఫైబర్ నోరు ఫొటోడయోడ్ కన్నా చాలా చిన్నది కాబట్టి అందుకునే వైపు ఒకటి కాదు, కట్ట పెట్టడం మేలు. పట్టీ బిగిస్తే రక్తమే ఆగుతుంది. వదులైతే కదలికకు సిరల్లో రక్తం కూడా ఊగి అంకె తగ్గుతుంది.

చర్మపు రంగు తెచ్చే తేడాను ఫైబర్ సరిచేయదు. నిష్పత్తిని ఆక్సిజన్ శాతంగా మార్చే వేలి యంత్రం పట్టికను ఇందులోకి ఎక్కించడమూ కుదరదు. ఎల్ఈడీ, ఫైబర్, కొసల అమరిక మారితే వైద్య పర్యవేక్షణలో రక్తంలో ఆక్సిజన్‌ను 70 శాతం స్థాయి దాకా తగ్గించిన వలంటీర్ల ధమని రక్తంతో పోల్చి కొత్త పట్టిక తయారుచేయాల్సిందే.