జంకే కుక్కకి బరువైన తలుపు

"మాస్టారండీ, మా జాకీ బయటికైతే రయ్యిమని పోతాదండి. లోపలికి మాత్రం చస్తే రాదు. తలుపు ముందు కూచుని ఒకటే ఏడుపు."

రాజోలు పక్క నుంచి ఒక పాఠకురాలు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. సంక్రాంతికి వచ్చిన కొడుకు పెరటి తలుపు కింది భాగం కోయించి, కుక్క రాకపోకలకి పెట్ డోర్ పెట్టించి వెళ్ళాడట. అంటే ఒక చట్రం, దానికి పైనుంచి వేలాడే ప్లాస్టిక్ ఫ్లాపు. మధ్యాహ్నం కాస్త కునుకు పడితే చాలు జాకీ తలుపు గీకుతుంది, ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేవాలి. ఆ బాధ తప్పుతుందనుకున్నారు. మూడు నెలలైనా తప్పలేదు.

వాళ్ళ అత్తగారి సిద్ధాంతం వేరే ఉంది. గడప దగ్గర ఎవరో ఏదో పాతిపెట్టారు, మనుషులకి కనపడదు గానీ కుక్కలకి కనపడుతుంది, అందుకే ఏడుస్తోంది. నేను ఒక్కటే అడిగాను: "మరి బయటికి పోయేటప్పుడు కనపడదాండీ?" అవతల పెద్దావిడ ఏదో గొణిగారు. కుక్క ఏడుపుని చావుకీ దయ్యాలకీ ముడిపెట్టే అలవాటు మన దగ్గర ఎంత గట్టిదంటే, ఇరవై ఎనిమిదేళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పిన నేను కూడా అర్ధరాత్రి వీధి కుక్క ఊళ వేస్తే ఒక్క క్షణం పక్కమంచం వైపు చూస్తాను. అది వేరే సంగతి.

అయితే మనకి తెలియనివి కుక్కకి తెలుస్తాయన్నంత వరకు పెద్దావిడ మాట నిజమే. మన చెవి 20 వేల హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర ఆగిపోతే కుక్క చెవి సుమారు 45 వేల దాకా వింటుంది. ఫ్లాపు చట్రానికి కొట్టుకున్నప్పుడు మనకి వినపడే "టక్" దానికి వినపడే శబ్దంలో ఒక ముక్క మాత్రమే. ఇక దగ్గరి చూపు విషయంలో కుక్క మనకన్నా వెనకబడి ఉంది. మూతికి జానెడు దూరంలో ఉన్న వస్తువు దానికి మసకగానే కనిపిస్తుంది. అక్కడి నుంచి పని మీసాలది, ముక్కుది. కాబట్టి ఫ్లాపు ముందు నిలబడ్డ కుక్క దాన్ని చూడటం లేదు, తడుముతోంది.

నేను అడిగిన రెండో ప్రశ్న అసలు సంగతి బయటపెట్టింది. "మీ వంటింటి గుమ్మానికి కర్టెన్ ఉందాండీ?"

"ఉందండి."

"దాని కిందనుంచి వెళ్తాదా?"

"రోజుకి నలభై సార్లండి. ఎందుకు?"

ఎందుకంటే, కర్టెన్ కూడా పైనుంచి వేలాడేదే. దారికి అడ్డంగా ఉండేదే, అవతల ఏముందో కనిపించనివ్వనిదే, ముక్కుతో తోసుకుని వెళ్ళాల్సిందే. కర్టెన్ దాటే కుక్క ఫ్లాపు దగ్గర ఆగిందంటే, ఆ రెంటికీ ఉన్న తేడాలోనే భయం ఉండాలి. ఆ తేడా ఏమిటో చూద్దామని మా ఇంటి ఫ్లాపు దగ్గర కూర్చున్నాను, స్కూల్లో వాడి వాడి తుప్పు పట్టిన స్ప్రింగ్ త్రాసు పట్టుకుని.

గుడ్డకి ఎక్కడ తోస్తే అక్కడే మడత పడుతుంది. ముక్కు తగిలిన చోట బెత్తెడు గుడ్డ కదిలితే చాలు, మిగతాది తర్వాత నెమ్మదిగా తొలుగుతుంది. ఒక రకంగా కర్టెన్ అంటే లెక్కలేనన్ని బందులున్న తలుపు. ఫ్లాపుకి బందు ఒక్కచోటే, పైన. ఏ మూల తోసినా మొత్తం కదలాల్సిందే. అలాగని బరువేమీ లేదు. 40 సెంటీమీటర్ల పొడవు, అర కిలో బరువున్న ఫ్లాపుని 45 డిగ్రీలు తెరవాలంటే కింది అంచు దగ్గర సుమారు 175 గ్రాములు ఎత్తినంత బలం చాలు. ఒక మామిడికాయ బరువు. నిటారుగా ఉన్నప్పుడైతే అదీ అక్కర్లేదు.

మరి కుక్కని ఆపేదేమిటి? కింద ఉన్న అయస్కాంతం. గాలికి ఫ్లాపు కొట్టుకోకుండా, దోమలు రాకుండా అంచున ఒక అయస్కాంతం పట్టీ పెడతారు. దాని స్వభావం బరువుకి సరిగ్గా ఉల్టా. తెరిచేకొద్దీ ఫ్లాపు బరువు తెలుస్తుంది, అయస్కాంతం మాత్రం తెరవకముందే పట్టుకుంటుంది. నాలుగైదు మిల్లీమీటర్లు ఎడం వచ్చిందా, దాని పని అయిపోయింది. మా ఫ్లాపుకి కింది అంచున తాడు కట్టి త్రాసుతో లాగితే ముల్లు అర కిలో దాకా మెల్లగా వెళ్ళి, "టక్"మని ఒక్కసారిగా సున్నా దగ్గరికి పడింది. కుక్క ముక్కు వైపునుంచి ఆలోచించండి. మెత్తగా ఆనించింది, కదల్లేదు. ఇంకాస్త నొక్కింది, గోడలా ఉంది. మరికాస్త నొక్కేసరికి గోడ చప్పుడు చేస్తూ మాయమైంది. మనం పట్టుకున్న మెట్ల కమ్మీ అలా చేస్తే మనమూ ఏడుస్తాం.

ఇదంతా ముక్కు వైపు కథ. తోక వైపు ఇంకోటుంది, నాకు ఎక్కువ ఇష్టమైనది అదే.

కుక్క దూరుతున్నంతసేపు ఫ్లాపు దాని వీపు మీద జారుతూ ఉంటుంది. నడుము దాటగానే పట్టు తప్పి కిందికి ఊగుతుంది. ఇది లోలకమే, కాకపోతే దారానికి గుండు కట్టింది కాదు, పొడుగునా బరువున్న పలక. ఇలాంటి పలక తన పొడవులో మూడింట రెండు వంతులున్న మామూలు లోలకంలా ఊగుతుంది. 40 సెంటీమీటర్ల పలకంటే సుమారు 27 సెంటీమీటర్ల లోలకం, ఒక పూర్తి ఊపుకి సెకను పైచిలుకు. పైనుంచి నిటారుకి రావడం అందులో నాలుగో వంతు, అంటే పావు సెకను. ఇప్పుడు తోక సంగతి. 30 సెంటీమీటర్ల తోక, సెకనుకి రెండు మీటర్ల వేగంతో దూసుకెళ్ళే కుక్కదైతే 0.15 సెకన్లలో గుమ్మం దాటుతుంది. ఫ్లాపు పడేసరికి అక్కడ తోక లేదు. జంకుతూ, సెకనుకి అర మీటరు చొప్పున పాకే కుక్క తోకకి 0.6 సెకన్లు పడుతుంది. ఫ్లాపు నేరుగా దాని మీదే పడుతుంది.

ముక్కు దగ్గరా ఇదే. దూసుకొచ్చే కుక్కకి అయస్కాంతం ఉన్నట్టే తెలియదు, ఒంటి ఊపుకే విడిపోతుంది. ఆగి ఆగి తోసేదానికే ఆ గోడా, ఆ చప్పుడూ పూర్తిగా తెలుస్తాయి. ఒకే తలుపు ధైర్యంగల కుక్కకి తేలిక, పిరికిదానికి బరువు. నువ్వు భయపడ్డది నిజమేనని పిరికి కుక్కకి ప్రతిసారీ రుజువు దొరుకుతుంది. దాని భయమే ఆ రుజువుని తయారు చేస్తోంది.

తలుపు కన్నం మాట వచ్చింది గనక ఒక పిట్టకథ. న్యూటన్ తన గది తలుపుకి పిల్లి కోసం పెద్ద కన్నం, పిల్లి పిల్లల కోసం చిన్న కన్నం కొట్టించాడని క్లాసుల్లో చెబుతుంటారు. నేనూ చాలా ఏళ్ళు చెప్పాను. దానికి గట్టి ఆధారం లేదు, మేధావులు కూడా తెలివితక్కువ పనులు చేస్తారని మనల్ని మనం ఓదార్చుకునే కథ. పిల్లలకి చెప్పకండి.

నేను చేసిన తెలివితక్కువ పనికి మాత్రం ఆధారం ఉంది. ఆరేళ్ళ క్రితం మా నల్లోణ్ణి, నాటు కుక్కే, మొదటిరోజే వెనకనుంచి రెండు చేతులతో ఫ్లాపులోకి తోసేశాను. ఒకసారి వెళ్తే అలవాటవుతుందని నా లెక్క. వాడు గోళ్ళతో నేల గీరుకుంటూ వెళ్ళాడు, తోక నలిగింది, కుయ్యిమన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలు వాడు ఆ తలుపు ఉన్న వరండాలోకే రాలేదు. నాలుగు నెలల్లో ఫ్లాపు వాడిని మళ్ళీ ఒక్కసారి కూడా కొట్టలేదు కదా, భయం ఎందుకు తగ్గలేదు?

1953లో రిచర్డ్ సాలమన్, లైమన్ విన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. ఇవాళైతే ఎవరూ అనుమతించరు. మధ్యలో అడ్డు ఉన్న పెట్టెలో కుక్క, ఒక సూచన, కాసేపటికి నేలలోంచి కరెంటు షాకు. సూచన రాగానే అడ్డు దూకి అవతలికి పోతే షాకు తగలదని కుక్కలు త్వరగానే నేర్చుకున్నాయి. తర్వాత షాకు పూర్తిగా ఆపేశారు. కుక్కలు ఆగలేదు, వందలసార్లు దూకుతూనే ఉన్నాయి. ఎందుకంటే ఆగి చూస్తే కదా, షాకు లేదని తెలిసేది! తప్పించుకున్న ప్రతిసారీ "అమ్మయ్య" అనిపించడమే వాటికి బహుమతి. నల్లోడూ అంతే. వరండాలోకి రాని ప్రతిరోజూ వాడి లెక్కలో ఒక విజయం. భయం వాడకపోతే తుప్పు పట్టేది కాదు, వాడకపోతేనే కొత్తగా ఉంటుంది. లెక్కల పీరియడ్ ఎగ్గొట్టే పిల్లల్ని చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్ళని బోర్డు దగ్గరికి ఈడ్చుకెళ్ళిన మాస్టార్లలో నేనూ ఒకణ్ణి.

ఇలాంటి భయానికి దారి చూపించినావిడ మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1924లో ఆవిడ పీటర్ అనే మూడేళ్ళ పిల్లాడి కుందేలు భయం పోగొట్టింది. పిల్లాడు ఇష్టమైనది తింటుంటే, కుందేలుని పంజరంలో గదికి ఆ చివర పెట్టడం. వాడు ఏడవనంత దూరంలో. తర్వాత రోజుల్లో కొంచెం కొంచెం దగ్గరికి. చివరికి ఆ పిల్లాడు కుందేలుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇందులో కిటుకంతా మెట్టు ఎంత చిన్నది అన్నదే. ఒక్కో మెట్టు ఆత్రేయపురం పూతరేకంత పలచగా ఉండాలి, కిందటి దానికీ దీనికీ తేడా ఉందో లేదో అన్నట్టు.

జాకీకి మొదటి మెట్టు వెతుక్కోనవసరం లేదు, వంటింటి కర్టెనే. కాబట్టి ఆవిడకి చెప్పిందల్లా, కర్టెన్‌ని మెల్లగా ఫ్లాపుగా మార్చమని. ముందు ఫ్లాపు ఊడదీసి ఖాళీ కన్నం వదిలెయ్యాలి. రెండు రోజులు దానిలోంచి అన్నం పిలుపు. తర్వాత ఆ కన్నానికి పాత చీర ముక్క, అదీ జాకీ పడుకునే చీరైతే మరీ మంచిది, వాసన తనదే. అది దాటుతుంటే గుడ్డ కింది అంచుకి నాలుగు బట్టల క్లిప్పులు పెట్టాలి, కాస్త బరువు, కాస్త చప్పుడు. ఆ తర్వాతే ఫ్లాపు, అదీ తాడుతో పైకెత్తి కట్టి, రోజుకి రెండు వేళ్ళు కిందికి దింపుతూ. పూర్తిగా దిగాక కూడా అయస్కాంతం పని చెయ్యకూడదు. దాని మీద శుభలేఖ అట్ట ముక్కలు ఐదారు అంటించమన్నాను. ఎడం పెరిగితే పట్టు తగ్గుతుంది. మన ఇళ్ళలో శుభలేఖలకి కొరత లేదు, రెండ్రోజులకి ఒక అట్ట తీసెయ్యడమే. ఏ అట్ట దగ్గర జంకితే అది మళ్ళీ అంటించడం.

ఉడకబెట్టిన లివర్ ముక్క అవతలి వైపునే, ముక్కు దాటిన సెకను లోపు నోటికి అందాలి. ఆలస్యమైతే అది దేనికిచ్చారో కుక్కకి అర్థం కాదు. ఉప్పు చేప మాత్రం వద్దు. ఫ్లాపుని చేత్తో ఎత్తి పట్టుకుని పిలవడం కూడా ఎక్కువ రోజులు వద్దు, మీ చెయ్యే తాళంచెవి అనుకుంటుంది. ఆకలి మీద ఉన్నప్పుడు ఐదు నిమిషాలు, అంతే.

ఇరవై రోజులకి మళ్ళీ ఫోన్. బయటికి పోవడం ఇంకా బాగా పోతోంది. లోపలికి మాత్రం చీర ముక్క దాకా వచ్చి, ఫ్లాపు దగ్గర ఆగిపోయింది. నా సిద్ధాంతమంతా గోదాట్లో కలిసింది. వీడియో పంపమన్నాను.

ఆ వీడియోలో కుక్క కన్నా ముందు ఇల్లు చూశాను. లంక గ్రామాల ఇల్లు. 1986 ఆగస్టు గోదావరి వరద ఏ మెట్టు దాకా వచ్చిందో గుర్తుపెట్టుకుని పునాది లేపిన ఇల్లు. లోపల నేల, గడప దాదాపు ఒకే మట్టం. బయట మాత్రం తలుపు కింద జానెడు లోతున ఇరుకు మెట్టు. జాకీ ఆ మెట్టు మీద వెనక కాళ్ళు ఆనించి, ముందు కాళ్ళు గడప మీద పెట్టింది. పెట్టగానే తల పైకి లేచింది, ముక్కు ఫ్లాపు పై భాగంలో, బందుకి దగ్గరగా తగిలింది.

తలుపుని బందు పక్కన తోసి చూడండి, ఎంత బరువో తెలుస్తుంది. 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అయస్కాంతాన్ని విడదీయడానికి అంచు దగ్గర అర కిలో చాలితే, బందుకి 15 సెంటీమీటర్ల దగ్గర తోసేవాడికి కిలో మూడు వందల గ్రాములు కావాలి. అదీ ముక్కుతో, అదీ వెనక కాళ్ళకి చోటు లేని మెట్టు మీద. లోపల్నుంచి పోయేటప్పుడు నాలుగు కాళ్ళూ నేల మీద, ముక్కు సరిగ్గా కిందికి. తలుపు ఒకటే, ఇటునుంచి అరకిలో, అటునుంచి కిలో పైన. కుక్క మొదటినుంచీ చెబుతున్నది ఇదే, మేమే భయం అనుకున్నాం.

నరసాపురం రేవులో గట్టుకీ, బళ్ళని ఏరు దాటించే పంటుకీ మధ్య బల్ల వెయ్యకుండా ఎవరైనా బండి ఎక్కిస్తారా? ఇక్కడా అదే. బయట మెట్టు మీద నాలుగు సిమెంటు ఇటుకలు, వాటి మీద వెడల్పాటి కొబ్బరి చెక్క, గడప మట్టానికి. చెక్క మీద పాత గోనెసంచి, వానకి కాలు జారకుండా. ఇంకో మాట కూడా చెప్పాను: చీకటి పడగానే కన్నానికి ఉన్న అడ్డుపలక దించేసి గొళ్ళెం పెట్టమని. చేల పక్క ఇల్లు, కోతలప్పుడు ఎలకలు ఇళ్ళమీద పడతాయి, వాటి వెనక ఏమొస్తాయో డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పాము ఏ అయస్కాంతానికీ జంకదు.

నాలుగో రోజు ఫోన్ చేసింది పెద్దావిడ. "వత్తాందయ్యా. బురద కాళ్ళతో పసుపు రాసిన గడప తొక్కుకుంటా వత్తాంది." వెనకనుంచి కోడలు గొంతు: "మాస్టారండీ, బాగా అలవాటయ్యాక ఆ చెక్క తీసెయ్యొచ్చాండీ?"

తీయొద్దన్నాను. మేకులు కొట్టించెయ్యమన్నాను.