చెంబుడు నీళ్లు పక్కన పెట్టుకో

పిల్లలూ,

మీలో ఒకమ్మాయి మొన్న నాకో ఉత్తరం రాసింది. తన కథలో ఒక పిల్లాడు ముసలాయన ఇంటి తలుపు తడతాడట. ఆయన తలుపు తీస్తాడని రాయబోయిందట. చెయ్యి మాత్రం వేరే రాసేసింది. ఆయన తలుపు తియ్యలేదు, కిటికీలోంచి ఒక తాళంచెవి విసిరేసి లోపలికి వెళ్లిపోయాడు. "అక్కణ్ణుంచి రెండు పేజీలు ఎలా వచ్చాయో తెలీదు తాతయ్యా. అమ్మ పిలిచినా వినపడలేదు. మర్నాడు కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు. నిన్న రాసింది నేనేనా?" అని అడిగింది.

నువ్వేనమ్మా. అయితే నిన్న ఒక్కరోజు రాసిన నువ్వు కాదు.

నా చిన్నప్పుడు మా పెరట్లో చేతిపంపు ఉండేది. రాత్రంతా కొట్టకపోతే గొట్టంలో నీళ్లు కిందికి జారిపోయేవి. పొద్దున్నే ఎంత కొట్టినా గాలి తప్ప ఏమీ రాదు. లోపల తోలు వాషరు ఒకటి ఉంటుంది. అది ఎండి ముడుచుకుపోతే పక్కల నుంచి గాలి దూరుతుంది, ఇక నీళ్లు పైకి లేవవు. అందుకని పైనుంచి చెంబుడు నీళ్లు పోసేవాళ్లం. తోలు తడిసి ఉబ్బి గొట్టాన్ని పట్టుకునేది. మొదట కిర్రు కిర్రుమనేది. తర్వాత లోపల గుడగుడ. ఆ తర్వాత పిడి ఉన్నట్టుండి బరువెక్కేది. రెండు చేతులతో పట్టుకుని వేలాడేవాణ్ణి. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే విసిగి వదిలేస్తారు. నీళ్లు పైదాకా వచ్చాయి కాబట్టే ఆ బరువు! ఇంకో నాలుగుసార్లు కొడితే భళ్లున పడేవి. ఆపైన పిడి మీద చెయ్యి వేస్తే చాలు, అదే వస్తున్నట్టుండేది.

కథ కూడా ఇంతే. తలుపు తట్టే ఆ పిల్లాడి దగ్గరికి రావడానికి ముందు ఎన్ని వాక్యాలు కొట్టేశావో ఉత్తరం చివర్లో నువ్వే రాశావు. ఆ కొట్టేసిన వాక్యాలే పైనుంచి పోసిన చెంబుడు నీళ్లు. అవి వృథా పోయాయని బాధపడకు. ఇక కిందున్న నీళ్లంటావా, నువ్వు చూసినవి, విన్నవి, మర్చిపోయాననుకున్నవి. కిటికీలోంచి ఏదో విసిరిన చెయ్యి ఒకటి ఎప్పుడో నీ కంట పడే ఉంటుంది.

కాఫ్కా అని ఒక రచయిత ఉండేవాడు. ప్రాగ్ నగరంలో పగలు బీమా ఆఫీసులో ఉద్యోగం, రాత్రిళ్లు రాత. మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ముక్కలు ఆయన డైరీల నిండా ఉంటాయి. 1912 సెప్టెంబరు 22 రాత్రి 10 గంటలకు కూర్చుని, తెల్లవారి 6 దాకా లేవకుండా ఒక కథ మొత్తం రాసేశాడు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు. కూర్చుని కూర్చుని కాళ్లు బిగుసుకుపోయి, బల్ల కింది నుంచి బయటికి లాక్కోవడమే కష్టమైందని డైరీలో రాసుకున్నాడు. అదే మనిషి మూడు నవలలు మొదలుపెట్టి మూడూ పూర్తి చెయ్యలేకపోయాడు. అంత గొప్పవాడికే అలాంటి రాత్రి రోజూ రాలేదు. నీకు మర్నాడు రాలేదని టెన్షన్ ఎందుకు?

ఇంకో మాట. ధారగా వచ్చిందల్లా బాగుంటుందని కూడా అనుకోవద్దు. నా పాత నోటుపుస్తకాలు తిరగేస్తే ఏ పేజీ పరుగులా వచ్చిందో, ఏ పేజీకి వారం రోజులు కుస్తీ పట్టానో ఇప్పుడు నేనే చెప్పలేను. చదివేవాళ్లకు అసలే తెలియదు. కాబట్టి ధార వచ్చిన రోజున ఆపకుండా రాయి, అక్షరదోషాలు కూడా చూడకు. మూడు రోజులాగి చల్లగా చదివి దిద్దుకో.

మా అమ్మ ఒక నియమం పెట్టింది. నీళ్లు పడగానే ముందు ఒక చెంబు నింపి పంపు పక్కన మూతపెట్టి ఉంచాలి, ఆ తర్వాతే కాళ్లు కడుక్కోవడం. ఒక సాయంత్రం ఆటల నుంచి వచ్చి ఆ చెంబు నీళ్లే కాళ్ల మీద పోసుకుని పడుకున్నాను. పొద్దున పంపులో పోయడానికి చుక్క లేదు. అమ్మ ఏమీ అనలేదు. ఖాళీ చెంబు తీసుకుని పక్కింటికి వెళ్లింది. ఆ నడక నాకింకా కళ్లకు కడుతుంది.

రచయిత హెమింగ్వే కూడా ఇంచుమించు అమ్మ మాటే చెప్పాడు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆ రోజుకు రాయడం ఆపెయ్యాలట. అలా మిగుల్చుకున్న వాక్యం మర్నాడు పోసుకోవడానికి పనికొస్తుంది.

ఇంత చెప్పినా, ఆ ముసలాయన తలుపు ఎందుకు తియ్యలేదో నా పంపు చెప్పలేదు. నలభై ఏళ్లుగా రాస్తున్నాను, ఇలా ఒక మనిషి కాగితం మీద నా మాట వినకుండా తన పని తాను చేసుకుపోతే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

రేపు పొద్దున్నే కూర్చో. ఆ రెండు పేజీల్లో చివరి పేరా చేత్తో మళ్లీ ఒకసారి రాయి. పిడి బరువెక్కితే వదలకు. తాళంచెవి నేల మీదే పడి ఉంది, పిల్లాడు ఇంకా తియ్యలేదు. అది ఆ ఇంటిదేనా, ఇంకో తలుపుదా? చూసి నాకు రాయి.

మీ తాతయ్య