ఫుట్‌బాల్ డబ్బు, ఎనిమిది రిలే స్వర్ణాలు

మహిళల 4×400 మీటర్ల రిలేలో అమెరికాను ఎవరూ ఎందుకు ఆపలేకపోతున్నారు? అక్కడి కాలేజీ క్రీడల డబ్బు పంపకం కోర్టుకెక్కడంతో ఈ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. 1996 అట్లాంటా నుంచి 2024 పారిస్ దాకా వరుసగా ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు వాళ్లవే. 2000 నాటి సిడ్నీ ఒలింపిక్స్ పతకాన్ని జట్టులోని మేరియన్ జోన్స్ డోపింగ్ కారణంగా వెనక్కి తీసుకున్నారు కానీ, ఆమెతో పరిగెత్తిన మిగతావాళ్లకు 2010లో అది తిరిగి దక్కింది.

పారిస్ ఫైనల్ చూడండి. హీట్స్‌లో, అంటే అర్హత పరుగుల్లో, పరిగెత్తిన నలుగురిలో ముగ్గురిని కూర్చోబెట్టి, 400 మీటర్ల హర్డిల్స్ విజేత సిడ్నీ మెక్‌లాఫ్లిన్‌ను, 200 మీటర్ల విజేత గాబీ థామస్‌ను, అలెక్సిస్ హోమ్స్‌ను దించారు. మొదటి ల్యాప్ షమియర్ లిటిల్‌ది. రెండో ల్యాప్‌లో బ్యాటన్ మెక్‌లాఫ్లిన్ చేతికి రాగానే పందెం ముగిసిపోయింది. 3 నిమిషాల 15.27 సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన నెదర్లాండ్స్ నాలుగు సెకన్లకు పైగా వెనక, అంటే ట్రాక్ మీద ముప్ఫై మీటర్ల దూరం. మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ ఉన్న భారత జట్టు అదే పోటీల హీట్స్‌లో 3 నిమిషాల 32.51 సెకన్లు తీసుకుంది. మనవాళ్లు కష్టపడలేదనడం అన్యాయం. అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా మరో దేశంలోనైతే ఫైనల్ జట్టులోనే ఉంటారు. తేడా అక్కడుంది.

ఆ బెంచీని తయారుచేసినవి కాలేజీలు. లిటిల్ టెక్సస్ ఎ అండ్ ఎం జట్టు మనిషి. మెక్‌లాఫ్లిన్, హోమ్స్ కెంటకీ నుంచి వచ్చారు. థామస్ చదివిన హార్వర్డ్ క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వదు, అయినా అక్కడా ట్రాక్ జట్టు ఉంది, కోచ్‌లున్నారు.

1972 జూన్ 23న నిక్సన్ సంతకం చేసిన ‘టైటిల్ నైన్’ చట్టంతోనే ఇదంతా మొదలైందని చాలామంది రాస్తారు. కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా వివక్ష కూడదన్న ఆ 37 ఇంగ్లిష్ మాటల్లో ఆటల ఊసే లేదు. నా లెక్కలో అసలు మలుపు 1974. ఆ ఏడాది టెక్సస్ సెనేటర్ జాన్ టవర్ ఒక సవరణ తెచ్చాడు: ఆదాయం తెచ్చే ఆటలను, అంటే ముఖ్యంగా ఫుట్‌బాల్‌ను (మనకు తెలిసిన సాకర్ కాదు, మగవాళ్లు బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్), ఈ చట్టం నుంచి మినహాయించాలని. సెనేట్ దాన్ని ఆమోదించింది కూడా. ఉభయసభల సంయుక్త కమిటీలో అది పడిపోయింది.

అది నిలిచి ఉంటే ఇవాళ్టి రిలే జట్టు ఉండేది కాదని నా నమ్మకం. ఎలాగంటే, పెద్ద కాలేజీల్లో ఫుట్‌బాల్ ఒక్కదానికే 85 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. అమ్మాయిలకు అంత పెద్ద ఆట ఇంకోటి లేదు. వివక్ష లేదని చూపించడానికి ఆడా మగా తక్కెడ సరితూగాలి. ఒక పళ్లెం అంత బరువుగా ఉంటే రెండోదాన్ని దేనితోనో నింపాలి కదా! కాలేజీలు దాన్ని రోయింగ్‌తో, ట్రాక్‌తో నింపాయి. ట్రాక్‌లో మగవాళ్లకు 12.6 స్కాలర్‌షిప్‌లైతే ఆడవాళ్లకు 18 ఉండేవి. పైగా క్రాస్ కంట్రీ, ఇండోర్, అవుట్‌డోర్ మూడింటిలోనూ పరిగెత్తే అమ్మాయి లెక్కల్లో ముగ్గురి కింద వస్తుంది. ఫుట్‌బాల్‌ను తక్కెడలోంచి తీసేసి ఉంటే అమ్మాయిల వైపు ఇంత బరువు పెట్టాల్సిన పని కాలేజీలకు ఉండేదే కాదు.

ఫలితం వెంటనే రాలేదు. ఈ రిలేలో 1972, 76లలో తూర్పు జర్మనీ, 80, 88లలో సోవియట్ యూనియన్, 92లో దాని వారసుల ఉమ్మడి జట్టు గెలిచాయి. సోవియట్ కూటమి బహిష్కరించిన 84లో మాత్రమే అమెరికాకు స్వర్ణం. ఈలోగా 1984లో సుప్రీంకోర్టు తీర్పు చట్టాన్ని నీరుగార్చింది. 1988లో రీగన్ వీటోను కూడా తోసిపుచ్చి కాంగ్రెస్ దానికి మళ్లీ ప్రాణం పోసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు అట్లాంటా. ఆ వరస ఇంకా తెగలేదు.

ఇప్పటి గొడవ టవర్ అడిగినదానికి కొత్త రూపం. 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ కాలేజీ క్రీడల సంఘానికీ క్రీడాకారులకూ మధ్య కుదిరిన ఒక ఒప్పందాన్ని ఆమోదించారు. దాని ప్రకారం పాత క్రీడాకారులకు సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం దక్కుతుంది. ఇకమీదట కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, తొలి ఏడాది 2025-26లో ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల దాకా. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కు, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కు. ప్రేక్షకులను, టీవీ డబ్బును తెచ్చేది మేమే కాబట్టి మాకే దక్కాలన్నది ఆ ఆటలవాళ్ల వాదన.

ఐదు రోజుల తర్వాత ఎనిమిది మంది క్రీడాకారిణులు అప్పీలు వేశారు. పాత క్రీడాకారుల పరిహారాన్ని ఇలా పంచితే మహిళలు 110 కోట్ల డాలర్లు నష్టపోతారని వాళ్ల లెక్క. కాలేజీలు ఇకమీదట నేరుగా చేసే చెల్లింపులకూ టైటిల్ నైన్ వర్తిస్తుందని అంతకు ముందే, 2025 జనవరిలో, బైడెన్ ప్రభుత్వం వెళ్తూ వెళ్తూ చెప్పింది. ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆ మాటను వెనక్కి తీసుకుంది. చట్టం మారలేదు, దాన్ని చదివే తీరు మారింది. డబ్బు సంపాదించే ఆట వేరు, చట్టం వేరు అన్న మాటను యాభై ఏళ్ల కిందట కాంగ్రెస్ వినీ పక్కన పెట్టిందన్న సంగతి ఈ వాదోపవాదాల్లో ఎక్కడా గట్టిగా వినపడకపోవడం నాకు బాధగా ఉంది.

టెక్సస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల ఆడపిల్లలు కూడా హైస్కూల్ ట్రాక్ జట్ల బట్టలేసుకుని శనివారం పొద్దున్నే మైదానాలకు వెళ్తున్నారు. ఆ తల్లిదండ్రులు ఒక వార్త చూసే ఉంటారు. 2025 జూన్‌లోనే వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ డబ్బు కారణం చూపి తన ట్రాక్ జట్టులో జంప్‌లు, త్రోలు ఎత్తేసింది. స్ప్రింట్స్‌ను, హర్డిల్స్‌ను బాగా కుదించింది. మిగిలింది దూరపు పరుగు.